కీరదోస గ్రేడింగు నేర్చిన కంప్యూటరు: ఒక రైతు ఇంటి పాఠం

(సభ్యుల శిక్షణ పాఠం)

పాల సంఘంలో సభ్యునికి ముట్టే ధర రెండు సంగతుల మీద ఆధారపడి వుంటుంది. పోసిన పాలు ఎన్ని లీటర్లు అన్నది ఒకటి. ఆ పాలలో వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అన్నది రెండవది. కొలత కళ్ల ఎదుట జరుగుతుంది కనుక దాని మీద తగవులు తక్కువ. అనుమానాలు పుట్టేదంతా పరీక్ష దగ్గరే. అందుకే పరీక్ష ఎలా జరుగుతుందో, ఎక్కడ తప్పుతుందో ప్రతి సభ్యునికీ తెలిసి వుండాలని మేము కోరుతాము.

ఇప్పుడు సరుకు నాణ్యతను కెమెరాతో చూసి కంప్యూటరుతో తేల్చే పద్ధతులు వచ్చాయి. పండ్లను, కూరగాయలను రంగు, ఆకారం చూసి వేరుచేసే యంత్రాలు వున్నాయి. పశువును దాని ముట్టె మీది గీతలను బట్టి గుర్తుపట్టే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. వీటిలో చాలావాటి వెనుక వున్న విద్యను 'డీప్ లెర్నింగ్' అంటారు. పేరు విని ఇది పెద్ద ప్రయోగశాలల వారికే సంబంధించినదని అనుకోనక్కరలేదు. జపానులో ఒక రైతు కుటుంబం ఇంటి పనిలో భాగంగా, సరదాగా మొదలుపెట్టి చేసిన ఒక ప్రయత్నాన్ని తీసుకుని ఈ పాఠం చెబుతున్నాము. అది ఎక్కడ గెలిచిందో, ఎక్కడ తడబడిందో రెండూ చూద్దాము.

తొమ్మిది తరగతులు, ఒక తల్లి

జపానులో షిజుఒకా రాష్ట్రంలోని కొసాయి పట్టణం వద్ద కొయికె కుటుంబం కీరదోస పండిస్తుంది. కొడుకు మకోటో కొయికె మోటారు వాహనాల పరిశ్రమలో యంత్రాల లోపల పనిచేసే చిన్న కంప్యూటర్లను రూపొందించేవారు. ఆ ఉద్యోగం మాని తల్లిదండ్రులకు సాయంగా పొలానికి వచ్చారు. వచ్చాక ఆయన గమనించినది, పంట పండించడానికి పట్టే శ్రమకు ఏమాత్రం తీసిపోని శ్రమ కాయలను వేరుచేయడానికి పడుతున్నదని.

అక్కడ కీరదోసకు దేశమంతటికీ ఒకే కొలమానం లేదు. ఏ పొలం వారి పద్ధతి వారిదే. కొయికె వారు తమ కాయలను తొమ్మిది తరగతులుగా వేరుచేసేవారు. పొడవు, లావు, వంపు, రంగు, గీరుడు మచ్చలు, పైనున్న చిన్న ముళ్లు అన్నీ చూడాలి. ముళ్లు రాలకుండా నిగనిగలాడే కాయకు మంచి ధర. ఈ పనంతా తల్లి చేసేది. కోతలు ముమ్మరంగా వున్న రోజుల్లో ఆమెకు ఇందుకే 8 గంటల వరకు పట్టేది. కూలి మనుషులను పెట్టుకుందామంటే, ఆ తొమ్మిది తరగతుల తేడా కొత్తవారికి పట్టుబడడానికి నెలలు పడుతుంది.

మన ఇళ్లలో కూడా ఇటువంటి చూపు వుంది. గేదె ఎదకు వచ్చిందా, మేత సరిగా తింటున్నదా, పొదుగులో గట్టితనం వుందా అన్నది ఇంటి ఇల్లాలు ఒక్క చూపులో చెబుతుంది. ఎలా తెలిసిందని అడిగితే మాటల్లో పెట్టలేదు. డీప్ లెర్నింగ్ పనికివచ్చేది సరిగ్గా ఇటువంటి చోటనే.

డీప్ లెర్నింగ్ అంటే ఏమిటి?

మామూలుగా కంప్యూటరుకు పని చెప్పాలంటే సూత్రాలు రాసి ఇవ్వాలి. 'ఇంత పొడవు దాటితే మొదటి తరగతి' వంటివి. కానీ వంపు, రంగు, నిగనిగ కలిసిన తీర్పుకు సూత్రాలు రాయడం కష్టం. డీప్ లెర్నింగులో సూత్రం ఇవ్వరు. ఉదాహరణలు ఇస్తారు. 'ఇది మొదటి తరగతి, ఇది మూడవ తరగతి' అని పేరు పెట్టిన ఫోటోలను వేల సంఖ్యలో చూపుతారు. సూత్రాన్ని కంప్యూటరే కూర్చుకుంటుంది.

కంప్యూటరుకు ఫోటో అంటే అంకెల పట్టిక. నిలువున 80, అడ్డంగా 80 చుక్కలున్న ఫోటోలో మొత్తం 6,400 చుక్కలు వుంటాయి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత అన్న మూడు అంకెలు. అంటే ఒక ఫోటోకు 19,200 అంకెలు. ఈ అంకెలు ఒకదాని వెనుక ఒకటిగా వున్న అనేక పొరల గుండా సాగుతాయి. మొదటి పొర చిన్న కిటికీ వంటి దానితో ఫోటో అంతటా జరుపుకుంటూ అంచులు, గీతలు ఎక్కడున్నాయో చూస్తుంది. తరువాతి పొర ఆ గీతలను కలిపి వంపులను, మూలలను గుర్తిస్తుంది. చివరి పొర అన్నిటినీ కూడి ఏ తరగతో తేలుస్తుంది. ఇలా పొరలు లోతుగా వుండడం వల్లనే 'డీప్' అన్న పేరు వచ్చింది. ఈ అమరికను న్యూరల్ నెట్‌వర్క్ అంటారు. ఇటువంటి పొరల అమరికను 1980లో జపాను శాస్త్రజ్ఞుడు కునిహికో ఫుకుషిమా ప్రతిపాదించారు. 1989లో యాన్ లెకున్, ఆయన సహచరులు అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, తపాలా కవర్ల మీద చేతితో రాసిన పిన్‌కోడు వంటి అంకెలను ఈ పద్ధతిలో చదివించారు.

తప్పు దిద్దుకునే తీరు

నేర్చుకోవడం ఎలా జరుగుతుంది? మన సంఘంలో నిత్యం జరిగే పనితో పోల్చి చెబుతాము. సంఘంలో పరీక్షించినప్పుడు పంపిన పాలకు సగటు వెన్న 6.2 వచ్చిందనుకోండి. డెయిరీ నుంచి వచ్చిన ట్రక్ షీటులో 5.9 అని వుంది. అప్పుడు కార్యదర్శి చివరినుంచి వెనక్కు నడుస్తాడు. బ్యుటిరోమీటరు సరిగా చదివామా? శాంపిలు సీసా తడిగా వుందా? క్యానులో పాలు ప్లంజరుతో బాగా కలిపామా? ఏ మెట్టు వల్ల ఎంత తేడా వచ్చిందో అంచనా వేసి ఆ మేరకు దిద్దుతాడు. మరునాడు మళ్లీ చూస్తాడు. తేడా తగ్గేదాకా ఇదే పని.

కంప్యూటరు కూడా అంతే. పొరల నడుమ వేలాది, లక్షలాది సర్దుబాటు అంకెలు వుంటాయి. మొదట అవన్నీ అడ్డదిడ్డంగా వుంటాయి కనుక జవాబులు కూడా అలాగే వుంటాయి. ప్రతి తప్పు జవాబుకు, ఆ తప్పులో ఏ అంకె వాటా ఎంతో చివరి పొరనుంచి వెనక్కు లెక్కగట్టి, దానిని కొద్దిగా సవరిస్తుంది. ఈ సవరణలు లెక్కలేనన్ని సార్లు జరిగిన తరువాత తప్పులు తగ్గుతాయి. ఇందులో మాయ ఏమీ లేదు. ఓపికగా చేసిన కూడికలు, గుణకారాలు మాత్రమే.

ఏడు వేల ఫోటోలు

'గో' అనే బల్ల ఆటలో ఒక మేటి ఆటగానితో ఆల్ఫాగో అనే కంప్యూటరు ప్రోగ్రాము ఆడిన తీరు చూసి కొయికె ఈ పనికి పూనుకున్నారు. 2015 నవంబరులో గూగుల్ సంస్థ టెన్సర్‌ఫ్లో అనే సాధనాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చింది. దానితోపాటు చేతిరాత అంకెలను గుర్తుపట్టే ఒక అభ్యాస పాఠం వుంది. కొత్తగా నేర్చుకునేవారికి అది బాలశిక్ష వంటిది. కొయికె ఆ పాఠంలోని ప్రోగ్రామునే తీసుకుని, పొరలను తన ఫోటోల కొలతకు సరిపెట్టి, చివరి పొరలో పది అంకెల స్థానంలో తొమ్మిది తరగతులు పెట్టారు. పెద్ద చదువు చదివి తరువాత పనిచేద్దామని ఆయన ఆగలేదు. ఒక చిన్న పని పట్టుకుని, దానికి కావలసినంత నేర్చుకుంటూ పోయారు.

అసలు శ్రమ ఫోటోల దగ్గర పడింది. తల్లి వేరుచేసి పెట్టిన కాయలను మూడు నెలల పాటు ఫోటోలు తీశారు. మొత్తం 7,000. రోజుకు సగటున 75కు పైగా. ప్రతి ఫోటోకు తల్లి ఇచ్చిన తరగతే పేరు. అంటే కంప్యూటరుకు పాఠ్యపుస్తకం ఆ తల్లి చేతి పనే. ఆమె చూపు నిలకడగా లేకపోతే, ఒకే రకం కాయను ఒకరోజు రెండులో, మరొకరోజు మూడులో వేసివుంటే, కంప్యూటరు ఆ గందరగోళాన్నే నేర్చుకునేది. ఈ యంత్రం గురించి చెప్పేవారు కొడుకు తెలివిని మెచ్చుకుంటారు. తల్లికి ఏళ్ల తరబడి అబ్బిన నేర్పును కూడా అంతే మెచ్చుకోవాలి.

యంత్రం అమరిక ఇలా వుండేది. రాస్ప్‌బెర్రీ పై 3 అనే, అరచేతిలో పట్టే చౌక కంప్యూటరు కెమెరాతో కాయను ఫోటో తీస్తుంది. అసలు అక్కడ కాయ వుందా లేదా అని ముందు చూస్తుంది. వుంటే ఫోటోను మరొక కంప్యూటరుకు పంపుతుంది. ఆ కంప్యూటరు తరగతి తేలుస్తుంది. కదిలే బెల్టు మీదుగా కాయ తన తరగతి పెట్టెలోకి పోతుంది. 2016 నాటికి ఇది పనిచేసే స్థితికి వచ్చింది.

95 ఎక్కడ, 70 ఎక్కడ?

ఇక్కడినుంచి సభ్యులు శ్రద్ధగా చదవాలి. పరీక్ష కోసం పెట్టిన ఫోటోల మీద ఈ యంత్రం నూటికి 95కు పైగా సరిగా చెప్పింది. దానినే నిజమైన పనిలో, కొత్త కాయల మీద నడిపినప్పుడు సుమారు 70కి దిగిపోయింది. అంటే వెయ్యి కాయల్లో దాదాపు 300 తప్పు పెట్టెలో పడతాయి. గుడ్డిగా ఊహించినా తొమ్మిదింట ఒకటి, అంటే నూటికి 11 సరిపోతాయి కనుక, 70 అన్నది చిన్న విజయం కాదు. కానీ ఆ లెక్క నమ్మి తల్లి పని మానుకోవడానికి వీలులేదు.

ఎందుకు ఇలా జరిగింది? శిక్షణ ఫోటోలు చాలకపోవడం వల్ల యంత్రం బట్టీ పట్టిందని కొయికె అనుమానించారు. బట్టీ పట్టిన పిల్లవాడు పుస్తకంలో లెక్కను పుస్తకంలో వున్నట్లే అడిగితే తడుముకోకుండా చెబుతాడు. అంకెలు మార్చి అడిగితే బిక్కమొహం వేస్తాడు. యంత్రం కూడా, ఫోటోలు తక్కువైతే కాయ లక్షణాన్ని విడిచి ఆ ఫోటోల ప్రత్యేకతలను గుర్తుపెట్టుకుంటుంది.

రెండో కారణం ఫోటో కొలత. శిక్షణకు పెద్ద ఫోటోలు ఇస్తే లెక్కలు విపరీతంగా పెరుగుతాయి. 80 చుక్కలకు కుదించిన ఫోటోలతోనే ఆయన ఇంటి కంప్యూటరుకు రెండు మూడు రోజులు పట్టింది. అంతగా కుదించిన ఫోటోలో పొడవు, వంపు, ఆకారం కనిపిస్తాయి. రంగులోని సన్నని తేడా, గీరుడు, ముళ్లు కనిపించవు. తల్లి చూసేవాటిలో సగం యంత్రం కంటికి అందనే లేదు. లాక్టోమీటరు ఒక్కదానితో పాలను పరీక్షించినట్లే ఇదీ. వెన్న తీసి నీళ్లు కలిపితే లాక్టోమీటరు అంకె మామూలుగానే కనిపించవచ్చు. అందుకే వెన్న పరీక్ష విడిగా చేస్తాము. కొలవని గుణం మీద ఏ పరికరమూ తీర్పు చెప్పలేదు.

శాంపిలు కలియబెట్టినట్లు

క్యానులో పాలు కాసేపు కదలకుండా వుంటే వెన్న పైకి తేలుతుంది. కలపకుండా పైనుంచి శాంపిలు తీస్తే శాతం ఎక్కువ చూపుతుంది. ఫోటోల శాంపిలుకు కూడా ఇదే నియమం.

పైన చెప్పిన అంకెల పాఠంలో వాడే చేతిరాత భాండారానికి ఎమ్‌నిస్ట్ అని పేరు. శిక్షణకు 60,000, పరీక్షకు 10,000 అంకెల బొమ్మలు అందులో వున్నాయి. ఇవి అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ సేకరించిన చేతిరాతలనుంచి వచ్చాయి. మొదట ఆ సంస్థ శిక్షణకు జనాభా లెక్కల శాఖ ఉద్యోగుల రాతను, పరీక్షకు ఉన్నత పాఠశాల విద్యార్థుల రాతను ఉద్దేశించింది. ఉద్యోగుల రాత శుభ్రంగా వుండేది. పిల్లల రాత చదవడం కష్టం. ఒకరి రాతతో నేర్పి మరొకరి రాతతో పరీక్షిస్తే ఫలితం దేనిని చూపుతున్నదో తేలదు. అందుకే లెకున్, ఆయన సహచరులు రెంటినీ కలియబెట్టి, శిక్షణలో సగం వీరివి, సగం వారివి వుండేటట్లు ఎమ్‌నిస్ట్‌ను తయారుచేశారు. ప్లంజరు ఆడించడమంటే ఇదే.

మన ఇళ్లలో పిల్లలు చేయదలచుకుంటే

కాలేజీలో చదువుతున్న మన సభ్యుల పిల్లలు ఇటువంటి పని చేయవచ్చు. ఫోను కెమెరా చాలు. టెన్సర్‌ఫ్లో, పైటార్చ్ అనే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. కొంచెం పైథాన్ భాష రావాలి. లక్షల ఫోటోలతో ముందే శిక్షణ పొందిన నెట్‌వర్కులు కూడా ఉచితమే. వాటి చివరి పొరలను మాత్రం మన పనికి తిరిగి నేర్పిస్తే కొన్ని వందల ఫోటోలతో మొదలుపెట్టవచ్చు. ఈ వెసులుబాటు వాడుకోవడం మంచిది.

ఉదాహరణకు, కొట్టంలో గేదె నిలబడి వుందా, పడుకుని వుందా అని ఫోటో చూసి చెప్పే ప్రోగ్రాము. చిన్నదిగా కనిపించినా డీప్ లెర్నింగు పాఠమంతా అందులో వుంది. పాటించవలసిన సంగతులు ఇవి:

1. ముందుగా నియమం రాసుకోవాలి. సగం లేచిన గేదెను ఎందులో వేయాలి? ఇద్దరు విడివిడిగా 100 ఫోటోలకు పేర్లు పెట్టి పోల్చి చూడాలి. మనుషులే పదిచోట్ల విభేదిస్తే, యంత్రం అంతకంటే బాగా చెప్పిందో లేదో తేల్చడానికి ఆధారం వుండదు.

2. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, వానరోజు, ఎండరోజు అన్నీ ఫోటోల్లో వుండాలి. పడుకున్న ఫోటోలన్నీ రాత్రివి, నిలబడినవన్నీ పగటివి అయితే యంత్రం చీకటిని చూసి 'పడుకుంది' అని చెప్పడం నేర్చుకుంటుంది.

3. పరీక్షకు పెట్టే ఫోటోలను శిక్షణలో ఒక్కసారి కూడా చూపకూడదు. ఒక గేదెను క్షణాల తేడాలో తీసిన రెండు ఫోటోలు దాదాపు ఒకటే. ఒకటి శిక్షణలో, ఒకటి పరీక్షలో పడితే ప్రశ్నపత్రం ముందే బయటపడినట్లే. కనుక ఒకటి రెండు గేదెల ఫోటోలన్నిటినీ, కొన్ని రోజుల ఫోటోలన్నిటినీ పూర్తిగా పరీక్షకే వుంచాలి. వీలయితే పొరుగువారి కొట్టంలో కూడా చూడాలి.

4. నూటికి ఎన్ని అన్న ఒక్క అంకెతో తృప్తి పడకూడదు. ఫోటోల్లో నూటికి 80 నిలబడినవే అయితే, కళ్లు మూసుకుని ప్రతిదానికీ 'నిలబడింది' అన్నా 80 మార్కులు వస్తాయి. ఏ తరగతిని ఏ తరగతిగా పొరబడిందో పట్టిక వేయాలి.

5. తప్పుగా చెప్పిన ఫోటోలను ఒక్కొక్కటిగా తీసి కళ్లతో చూడాలి. తరువాత ఏ ఫోటోలు మరికొన్ని తీయాలో అవే చెబుతాయి. అసలు చదువు ఈ మెట్టు దగ్గరే వుంది.

యంత్రం మన కేంద్రానికి వస్తే

మన కేంద్రాలలో వున్న ఎలక్ట్రానిక్ మిల్క్ అనలైజర్లు ధ్వని తరంగాలతోనో, మరొక పద్ధతితోనో పనిచేసేవి. వాటిలో చాలావాటికి డీప్ లెర్నింగుతో సంబంధం లేదు. అయినా ఆవు పాలకు, గేదె పాలకు విడివిడిగా సరిపెట్టకపోతే, గెర్బర్ పరీక్షతో అప్పుడప్పుడు సరిచూడకపోతే తప్పు చూపుతాయని మనకు తెలుసు. రేపు కెమెరాతో పశువునో, మేతనో, మరొక సరుకునో తరగతులు కట్టే యంత్రం వచ్చినా అడగవలసిన తీరు మారదు.

తప్పు ఎవరిమీద పడుతుందో కూడా చూసుకోవాలి. మొదటి తరగతి కాయ మూడవ తరగతి పెట్టెలో పడితే రైతుకు నష్టం. మూడవది మొదటి పెట్టెలో పడితే కొనేవానికి నష్టం, రైతు పేరుకు మచ్చ. నూటికి 70 అన్న మాటలో ఈ రెండు రకాల తప్పులు కలిసిపోయి వుంటాయి. కొయికె ఇంట్లో యంత్రం చేసినవారు, నేర్పినవారు, దాని తప్పు భరించేవారు అందరూ ఒకే కుటుంబం. తప్పు అదే పూట తెలిసిపోతుంది. యంత్రం ఒకరిది, సరుకు ఒకరిది అయినప్పుడు ఆ సౌకర్యం వుండదు. సరిచూసే ఏర్పాటును ముందే అడిగి పెట్టించుకోవాలి. సహకార సంఘంలో సభ్యునికి ఆ హక్కు వుంది.

నెలసరి సమావేశంలో చర్చించడానికి ప్రశ్నలు

1. ఈ యంత్రానికి ఎవరి సరుకుతో, ఏ ప్రాంతపు పశువులతో, ఏ కాలంలో తీసిన ఫోటోలతో నేర్పారు?

2. ఫోటోలకు పేర్లు పెట్టినవారు ఎవరు? వారికి ఆ పనిలో అనుభవం వుందా?

3. మీరు చెప్పే శాతం ముందే వున్న ఫోటోల మీద వచ్చిందా, మన కేంద్రంలో కొత్త సరుకు మీద వచ్చిందా?

4. సభ్యుడు ఒప్పుకోకపోతే మళ్లీ చేతితో పరీక్షించే వీలు వుందా? ఆ ఖర్చు ఎవరిది?

5. మన సంఘంలో ఏ పనిలో ఎవరి చూపు నమ్మదగినదని అందరూ ఒప్పుకుంటారు? వారు చూసి చెప్పేదానిని ఇప్పటినుంచే పుస్తకంలో రాసిపెట్టడం ఎలా?

అయిదవ ప్రశ్నకు వచ్చిన జవాబులను కార్యదర్శులు మినిట్స్ పుస్తకంలో రాయించాలని కోరుతున్నాము. యంత్రం వచ్చినా రాకపోయినా, కొత్తగా పాడి మొదలుపెట్టిన సభ్యునికి అవి పనికివస్తాయి.